పైడితల్లి పంచిన నూనె మాత్రలు

గాజువాకలో గంప ఖాళీ అయ్యాక గానీ పైడితల్లికి తెలీలేదు, తను గాజువాకలో ఉన్నానని.

రోజూ పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో చేపలెత్తుకుని, సర్వీస్ ఆటో ఎక్కి, వన్‌టౌన్ సందుల్లో తిరిగి అమ్ముకొచ్చే మనిషి. నలభై రెండేళ్ళుగా అదే దారి. ఆ రోజు ఏ ఆటో ఎక్కిందో, ఎక్కి ఏం ఆలోచించుకుందో గానీ, ఊరికి ఆ చివర స్టీల్ ప్లాంటుకెళ్ళే రోడ్డు మీద దిగింది. దిగడమేంటి, గొంతెత్తేసింది. పైడితల్లి గొంతు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమె పుట్టిల్లు కొండవతల యారాడ. హార్బర్ ఇవతల నిలబడి ఆమె అరిస్తే కొండవతల వాళ్ళన్న "ఏటే" అని పలుకుతాడని వాళ్ళ జాలర్ల పేటలో అంటారు. ఆ గొంతుకి డ్యూటీ దిగి ఇళ్ళకి పోతున్నోళ్ళు బళ్ళాపేశారు. అరగంటలో గంపలో చేప లేదు. కవళ్ళు లేవు, కానాగంతలు లేవు. అడుగున మిగిలిన ఐసు నీళ్ళు కూడా ఒక కుక్కపిల్ల తాగేసి పోయింది.

అప్పుడు తలెత్తి చూసింది. రసూల్ బీ గుమ్మం లేదు. మసీదు సందు లేదు. కురుపాం మార్కెట్ లేదు. ఎదురుగా సెల్‌ఫోన్ల షాపు, దాని పక్కన ఇంకో సెల్‌ఫోన్ల షాపు.

పూల కొట్టామె చేత ఫోన్ చేయిస్తే, కొడుకు నరేష్ ఆటో వేసుకుని ఊరు ఊరంతా దాటి వచ్చాడు.

"ఏటమ్మా ఇది?"

"ఏటైంది? అమ్మీసాను కదా."

"గాజువాకలోనా?"

"ఇక్కడోలు మంచోల్రా. మన వన్‌టౌనోల్లాగ సేపని నాలుగుసార్లు తిరగేసి సూడరు."

నరేష్ నవ్వలేదు. ఇంటి దగ్గర ఆటో ఆపి, ఇంజనాపి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "రేపట్నించి గంప దింపీ అమ్మా. సాలు."

పైడితల్లికి పదహారో ఏట పెళ్ళయింది. పద్దెనిమిదో ఏట గంపెత్తింది. మొగుణ్ణి సముద్రం ఏమీ చెయ్యలేదు, పాపం నేల మీదే, ఇంట్లోనే, పచ్చకామెర్లొచ్చి పోయాడు. అప్పుడు కూడా పదహారో రోజుకి మళ్ళీ గంపెత్తింది. రెండు తుఫాన్లకి ఇల్లు ఎగిరిపోయింది, గంప మాత్రం ఎగరలేదు, ఎందుకంటే గాలొచ్చినప్పుడు దాని మీద ఆమే కూచుంది. అట్లాంటి మనిషిని పట్టుకుని దింపీ అంటే, ఒంట్లో ఉన్న నడుమునే తీసి పక్కన పెట్టమన్నట్టు ఉంది ఆమెకి.

మర్నాడు చేపల్లేకుండానే వన్‌టౌన్ వెళ్ళింది. ఒట్టి చేతుల్తో ఆ సందులోకి రావడం అదే మొదటిసారి. రసూల్ బీ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆమెకి డెబ్భై దాటాయి. పైడితల్లి దగ్గర చేప కొనడం మొదలెట్టిన నాటికి ఆమె పెద్దకొడుకు పాకుతున్నాడు.

"గంపేది పైడితల్లీ?"

"నా కొడుకు లాగీసుకున్నాడు బీబమ్మా. నాకు మతి పోతన్నాదంట."

"పోతోందా మరి?"

పైడితల్లి మెట్టు మీద కూచుంది. అబద్ధమాడదామనుకుంది గానీ రసూల్ బీ దగ్గర కుదర్దు. కుళ్ళిన చేపనీ, కుళ్ళిన మాటనీ మొప్పెత్తి చూసే మనిషామె. "కొంచెం పోతన్నాది," అంది.

లోపల్నించి రసూల్ బీ మనవరాలు అనమ్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. చిన్నప్పుడు పైడితల్లి గంపలో చెయ్యి పెట్టి పీత చేత కరిపించుకున్నది ఈమే. ఇప్పుడో ఆసుపత్రి వాళ్ళ పరిశోధనలో ఉద్యోగం, మెళ్ళో కార్డు, చంకలో ఫైలు.

"అవ్వా, నీలాంటి వాళ్ళ కోసమే వెతుకుతున్నాం," అంది.

"మతిపోయినోలి కోసమా?"

"యాభై దాటినవాళ్ళ కోసం." ఆ పిల్ల మెట్టు మీద పక్కన కూచుంది. "మెదడులో కణాలుంటాయి. కోట్లు. ఒక్కోదాని చుట్టూ పల్చటి పొర, కొవ్వు పొర. అది ఎక్కడో ఒకచోట చిరుగుతూనే ఉంటుంది, దానంతటదే అతుక్కుంటూ ఉంటుంది. వయసొచ్చేకొద్దీ ఆ అతుకు సరిగ్గా పడదు."

"నావలాగ."

"నావా?"

"మా అయ్య యారాడలో సెక్క నావకి సొర నూనె రాసీవోడు. ఎండకి సెక్క ఎండిపోతే బీటలిస్తాది కదా. నూనె పీల్సుకుంటే మెత్తబడి బీట మూసుకుంటాది. రాయకపోతే నడి సంద్రంలో కాళ్ళకింద నీళ్ళు."

అనమ్ ఫైలు మూసేసింది. "ఇది చెప్పడానికి మా సార్ అరగంట బొమ్మలు గీశారు. సరిగ్గా అదే అని చెప్పను గానీ, దగ్గరగానే ఉంది. చేప నూనెలో డీహెచ్ఏ అని ఒక సరుకుంది అవ్వా. మెదడు ఆ పొర కట్టుకోడానికి వాడేవాటిలో అదొకటి. దాన్ని మాత్రల్లో రోజూ ఇస్తే పెద్దవాళ్ళలో అతుకు బాగా పడుతుందా, జ్ఞాపకం నిలుస్తుందా అన్నది ఇంకా గట్టిగా తేలలేదు. అది చూడ్డానికే ఆర్నెల్ల పరీక్ష."

"సేపలమ్మినదానికి సేప నూనె మందేటే?"

"అమ్మేది సరే. నువ్వు తినేదెంత?"

బాగున్నది గంపలోకి, మిగిలింది కుండలోకి. అదీ పేటలో లెక్క. గంప ఖాళీ అయిన రోజు కుండలోకి తోటకూరే.

ఆ రాత్రి అన్నాలప్పుడు కొడుకుతో బేరం పెట్టింది. కోడలు రాణి మధ్యవర్తి.

"ఆర్నెల్లు ఆగు. మొదట్లో ఒక పరీక్షెడతారంట, సివర్లో ఒకటి. సివర్లో నా మతి తగ్గిందని ఆ అనమ్ గుంట సెప్తే, గంప తీసుకెల్లి సంద్రంలో పారీ. నాను అడగను."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే నా గంప జోలికి రాకు. నాను సచ్చిందాకా."

"ఈ ఆర్నెల్లూ నానే ఆటోలో దింపుతాను, నానే తెత్తాను," అన్నాడు నరేష్.

"గంగమ్మ తోడు?"

"గంగమ్మ తోడు."

రాణి ఇద్దరి కంచాల్లో చెరో ముద్ద వేసి బేరం ఖాయం చేసింది.

మొదటి పరీక్ష పేటలోని కమ్యూనిటీ హాల్లో పెట్టారు. పైడితల్లి చేరిందని ఆ వీధిలో ఇంకో ఏడుగురు ముసలమ్మలు చేరిపోయారు. అనమ్ ఐదు మాటలు చెప్పింది: గొడుగు, గంట, మల్లెపువ్వు, రైలు, ఎరుపు. కాసేపాగి చెప్పమంటే పైడితల్లికి మూడే వచ్చాయి. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవంటే కుక్క, పిల్లి, ఆవు, గేదె అంటూ తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పైడితల్లి అనమ్ పెన్ను వైపే చూసింది. మూడు, తొమ్మిది. చదువు రాకపోయినా ఆ రెండంకెలూ గుర్తెట్టుకుంది. అవి మాత్రం మర్చిపోదలచుకోలేదు.

తర్వాత సీసాలిచ్చారు. మనిషికొకటి, దాని మీద నంబరు. తేనె రంగులో నిగనిగలాడే నూనె మాత్రలు, రోజుకి రెండు.

"సగం సీసాల్లో చేప నూనె ఉంటుంది," అంది అనమ్. "సగం సీసాల్లో వేరే నూనె. ఎవరిది ఏదో మీకు తెలీదు. నాకూ తెలీదు. కంప్యూటర్‌కే తెలుసు. అందుకే వాసన తెలీకుండా నిమ్మకాయ ఫ్లేవర్ వేశారు."

పాపం, ఎంత చదివిన పిల్లయినా అనకూడని వాళ్ళ దగ్గర అనకూడని మాటనేసింది. తెల్లారుజామున చీకట్లో, బోటులోంచి దించిన బుట్టని చూడకుండా, ఒక్క పీల్పు పీల్చి ఏ చేప, ఎన్నాళ్ళు ఐసులో ఉందో చెప్పే ముక్కులవి. వాటికి అడ్డంగా నిమ్మకాయంట.

మూడో రోజు మధ్యాహ్నం, ఒడ్డున బోర్లించిన ఫైబర్ బోటు నీడలో, పక్కింటి సూర్యకళ పిన్నీసు తెచ్చింది. సూర్యకళ పైడితల్లికి మరదలి వరస. ఇద్దరూ చెరో మాత్ర పొడిచారు.

పైడితల్లి తనది ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "పొద్దుతిరుగుడు నూనె. అప్పడాలేయించుకోవచ్చు."

"నాది సూడొదినా."

"కవళ్ళు." కళ్ళు మూసుకుని ఇంకోసారి పీల్చింది. "కవళ్ళే. మన కవళ్ళు కావు. ఏదో సల్లటి నీళ్ళ సేప. గానీ సేపే."

గంటలో మిగతా ఆరు సీసాలూ వచ్చేశాయి. తేలిందేంటంటే నలుగురికి చేప, నలుగురికి అప్పడాల నూనె. నూనె పడ్డ నలుగురూ చేప పడ్డ నలుగుర్నీ చూసిన చూపు ఉందే, అది మంచిది కాదు. 

"ఒకే ఈది. ఒకే పరీచ్చ. ఒకలికి సేప, ఒకలికి ఒట్టి నూనే?" అంది సూర్యకళ. చేప పడింది తనకే అయినా అందరికంటే ముందు కోపం తనకే వచ్చింది.

ఇక్కడ పేట సంగతొకటి తెలియాలి. ఒడ్డు నించి అలివి వల లాగేటప్పుడు, తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ వాటా ఉంటుంది. బలంగా లాగినవాడికీ ఉంటుంది, ఊరికే పట్టుకు నిలబడ్డ ముసలమ్మకీ ఉంటుంది. పడిన చేపని ఇసక మీద కుప్ప పోసి, పెద్దవాళ్ళు పాళ్ళు వేస్తారు. ఒకడికి అన్నీ మంచి చేపలు, ఒకడికి అన్నీ చెత్త చేపలు వెయ్యడం అన్నది వాళ్ళ తాతల కాలంలో కూడా జరగలేదు. అలా చేసినవాడి వల మీద మళ్ళీ ఎవడూ చెయ్యి వెయ్యడు.

పైడితల్లే పెద్దది. "గిన్ని తేండి," అంది.

సూర్యకళ మొగుడు, పైడితల్లికి తమ్ముడి వరసయ్యే ఎల్లాజీ స్టీలు గిన్ని తెచ్చి పట్టుకున్నాడు. ఎనిమిది సీసాలూ అందులోకి వొంపి, గలగలా కలిపి, ఎనిమిది పాళ్ళు వేసింది పైడితల్లి. ప్రతి పాలులోనూ సగం చేప, సగం నూనె పడేలా వాసన చూసి మరీ. ఆఖర్న ఎల్లాజీ కదలకుండా నిలబడ్డాడు.

"నీకేట్రా?"

"గిన్ని పట్టుకున్నాను కదప్పా."

న్యాయమే. పాలుకొకటి తీసి అతని చేతిలో ఎనిమిది పడేసింది.

కొత్త సీసాలొచ్చిన ప్రతి నెలా అదే పని. పైడితల్లి మాత్రలనే నమ్ముక్కూచోలేదు. రోజూ అంట్లు తోముతూ వన్‌టౌన్ గుమ్మాలన్నీ వరసగా పైకి చెప్పుకునేది. తప్పితే మళ్ళీ మొదటి గుమ్మం నించి. ఒక్కోరోజు నాలుగుసార్లు మొదటికొచ్చేది, గిన్నెలు మాత్రం తళతళలాడేవి. కుండలోకి కూడా రోజూ గుప్పెడు కవళ్ళు పక్కన పెట్టడం మొదలెట్టింది. గంప నిండా ఉన్నా, అడిగే మనిషి ముందే ఉన్నా, ఆ గుప్పెడు ఇచ్చేది కాదు.

మూడో నెలలో అనమ్ సీసాలు చూడ్డానికొచ్చింది. ఎవరెన్ని మింగారో తెలియడానికి మిగిలిన మాత్రలు లెక్కెట్టుకుంటారు. ఎనిమిది సీసాల్లోనూ సరిగ్గా ఒకే లెక్క. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"ఊళ్ళో ఇంకెక్కడా ఇంత పద్ధతిగా లేరు అవ్వా," అంది అనమ్, మొహం వెలిగిపోతూ. "మా సార్ మీటింగ్‌లో మీ వీధి గురించే చెప్పారు."

ఎనిమిది మందీ నేలచూపులు చూశారు. ఎల్లాజీ దగ్గాడు.

"గుంటా," అంది పైడితల్లి, "ఒకేల ఆ రెండు రకాలూ కలిసిపోనాయనుకో. ఏటవుద్ది?"

"కలిస్తే ఇంకేముంది అవ్వా. చేప నూనె తిన్నవాళ్ళకీ తిననివాళ్ళకీ తేడా చూస్తేనే కదా, ఆ అతుకు సంగతి తెలిసేది. కలిపి తిన్నవాళ్ళని లెక్కలో ఉంచితే తప్పు జవాబొస్తుంది. ఆ జవాబు నమ్మి రేపు ఇంకెంతమందికో ఈ మాత్ర ఇస్తారు, లేదా ఇవ్వడం మానేస్తారు."

సూర్యకళ వెనక నించి పైడితల్లి తొడ మీద గిల్లింది.

పైడితల్లి రెండు రోజులు ఆలోచించింది. చెప్తే ఎనిమిది మందినీ తీసేస్తారు. తీసేస్తే చివరి పరీక్ష ఉండదు. పరీక్ష లేకపోతే నరేష్‌తో బేరం లేదు, గంప లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఇంకో మూడు నెలలు వాసన చూసి పంచితే చాలు.

మూడో రోజు పొద్దున్న వన్‌టౌన్‌లో ఆటో దిగుతూ నరేష్‌తో, "నువ్వు కూడా రా," అంది. 

"ఏటికి?"

"వత్తావా, రావా?"

రసూల్ బీ గుమ్మంలో, అందరి ముందూ చెప్పేసింది. పిన్నీసు, గిన్ని, పాళ్ళు, ఎల్లాజీ వాటా, ఏదీ దాచలేదు. రసూల్ బీ పైట నోటికడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోడానికి. అనమ్ మాత్రం తెల్లబోయింది.

"అవ్వా. ఎనిమిది మందీనా?"

"తొమ్మిది. ఎల్లాజీగాడితో."

"నేను ఈరోజే సార్‌కి చెప్పాలి. మిమ్మల్నందర్నీ తీసేస్తారు."

"సెప్పు. నానే పంచాను, నా పేరే సెప్పు. ఆలకి తెలీదు, నాను పెద్దదాన్ని కాబట్టి ఇన్నారు." 

అనమ్ కాసేపు ఫైలు అంచు గోటితో గీరింది. "చెప్పావు కాబట్టి సరిపోయింది. చెప్పకపోతే మా లెక్కంతా చెడేది," అంది.

నరేష్ గోడకానుకుని నిలబడ్డాడు. "అయితే సివరి పరీచ్చ లేనట్టే కదమ్మా," అన్నాడు మెల్లిగా. గెలిచినట్టు అనలేదు. కానీ అన్నాడు.

పైడితల్లి కొడుకుని చూసింది, తర్వాత అనమ్‌ని. "నీ కంప్యూటర్‌కి నాను పనికిరాను. ఒప్పుకున్నాను. నా కొడుక్కి సెప్పడానికి పనికొస్తాను కదా. ఇప్పుడెట్టు పరీచ్చ. ఈ మెట్టు మీదే."

"ఇంకా మూడు నెలలుంది అవ్వా. పైగా ఇది లెక్కలోకి రాదు."

"నీ లెక్కలోకి రాకపోనీ. మా ఇంటి లెక్కలోకి వత్తాది. ఏరా?"

నరేష్ తలూపాడు.

అనమ్ కొత్త కాయితం తీసింది. కొత్త మాటలు చెప్పింది: తాళం, మామిడి, బడి, చొక్కా, నీలం. తర్వాత నిమిషంలో ఎన్ని జంతువులని గడియారం చూసుకుంది.

"సేప జంతువేనా?"

"జంతువే."

"మరి అప్పుడు సెప్పలేదేటి?" అని మొదలెట్టింది పైడితల్లి. "కవళ్ళు, కానాగంతలు, సందువా, నెత్తళ్ళు, సావళ్ళు, పారలు, వంజరం, సూర, సొర, టేకు, పండుగప్ప, గులివిందలు, కోనాం..."

"వంజరం, కోనాం ఒకటే," అన్నాడు నరేష్.

"నువ్వు ఆటో తోలుకో. మాగ, ఇలస, రొయ్య, పీత..."

సందులో పోయేవాళ్ళు ఆగారు, అమ్మకానికొచ్చాయనుకుని. అనమ్ కాయితం మీద గళ్ళయిపోయి పక్కన రాసుకుంది. ఇరవై ఎనిమిది. కోనాం కొట్టేసి ఇరవై ఏడు.

"ఇప్పుడు ఆ ఐదు మాటలు," అంది అనమ్.

పైడితల్లి కళ్ళు మూసుకుంది. "మామిడి." కాసేపాగింది. "నీలం."

సందులో ఎవరిదో సైకిలు గంట మోగింది. రసూల్ బీ చేటలో చెయ్యి కదల్లేదు. నరేష్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అమ్మ పెదాలు గుమ్మాలు లెక్కపెట్టుకున్నట్టు కదలడం చూశాడు. అతని చెయ్యి తెలీకుండానే తన చొక్కా అంచు పట్టుకుంది. పైడితల్లి కళ్ళు తెరిస్తే అందించేద్దామనే ఏమో. ఆమె తెరవలేదు.

"సొక్కా," అంది. ఇంకా చాలాసేపు కూచుంది. "మిగతావి రాటం లేదు. రెండు పోనాయి. రాసుకో."

"మూడు," అంది అనమ్.

"అప్పుడూ మూడే కదా?"

"మూడే."

"తగ్గిందా?"

"తగ్గలేదు అవ్వా. జంతువులు పెరిగాయి గానీ, మాటలు పెరగలేదు. మాత్రల వల్లో కాదో చెప్పలేను. ఒక్క పరీక్షతో ఎవరూ ఏమీ చెప్పలేరు."

"పెరుగుద్దని నాను బేరం పెట్టలేదు." కొడుకు వైపు తిరిగింది. "ఏరా. గంగమ్మ తోడు."

"సరే," అన్నాడు నరేష్. "నీ గంప జోలికి రాను. గానీ అమ్మా, మళ్ళీ గాజువాక ఎల్లిపోతే?"

దానికి జవాబు పైడితల్లి ఆ రెండు రోజుల్లోనే ఆలోచించి పెట్టుకుంది. బేరం గెలవక ముందే.

"బీబమ్మా, ఈ మెట్టు పొద్దున పూట నీకు పనికొస్తాదా?"

"నాకు బియ్యం ఏరుకోడానికి పైమెట్టు చాలు," అంది రసూల్ బీ.

"అయితే కిందది నాది. ఈడు ఆటోలో తెచ్చి దింపుతాడు, నాను తిరగను. కూకుంటాను. నలభై రెండేళ్ళు నాను ఈళ్ళ గుమ్మాలకెల్లాను, ఇప్పుడు ఈళ్ళే వత్తారు. దారి నాకు తెలీక్కర్లేదు, ఆలకి తెలుసు."

"ఎవరూ రాకపోతే?" అన్నాడు నరేష్.

"అరుస్తాను."

అది నిజమే కాబట్టి నరేష్ ఆటో దగ్గరకెళ్ళి, వెనక సీటు మీంచి చేపల గంప తీసి నెత్తికెత్తుకుని తెచ్చాడు. మెట్టు దగ్గర వంగి దించబోతే, పైడితల్లి లేచి రెండు చేతులూ చాపింది.

"ఇటివ్వు. నానే దింపుతాను."

దింపింది. పైనున్న గోనె తీసి, ముందు గుప్పెడు కవళ్ళు ఏరి ఆకులో చుట్టి, కొంగున కట్టుకుంది. ఇంటికి. ఆ తర్వాత ఇంకో ఏడు పొట్లాలు కట్టింది, పేటలో మాత్రలు పోయిన ఏడుగురికి. కాస్త ఆలోచించి, తిట్టుకుంటూ, ఎనిమిదో పొట్లం కూడా కట్టింది. గిన్ని పట్టుకున్నాడు కదా.

అప్పుడు మెట్టు మీద సర్దుక్కూచుని గొంతెత్తింది. మసీదు సందు చివర కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.